18446744073709551615: చదరంగం పద్యంలోని ఇరవై అంకెల సంఖ్య

పద్యప్రియ

చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు. ఇలా రెట్టింపు చేసుకుంటూ 64 గళ్ళూ నింపితే మొత్తం ఎన్ని గింజలో చెప్పే చంపకమాల ఒకటి మనలో చాలామంది వినే ఉంటారు. అందులో అంకెలున్న భాగం ఇది:

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు...

తెలియనివారి కోసం విప్పి రాస్తున్నాను. శర 5 (మన్మథుడి బాణాలు), శశి 1, షట్క 6, చంద్ర 1, శర 5, సాయక 5, రంధ్ర 9 (నవరంధ్రాలు), వియత్తు అంటే ఆకాశం 0, నగ 7 (కులపర్వతాలు), అగ్ని 3, భూధర 7, గగన 0, అబ్ధి 4, వేద 4, గిరి 7, తర్క 6, పయోనిధి 4, పద్మజాస్య అంటే బ్రహ్మ ముఖాలు 4, కుంజర 8 (దిగ్గజాలు), తుహినాంశు అంటే చంద్రుడు 1.

"అంకానాం వామతో గతిః" కాబట్టి ఒకట్ల స్థానం నుంచి ఎడమకి రాసుకుంటూ పోవాలి. అప్పుడు వచ్చేది 18446744073709551615. సరిగ్గా 2⁶⁴ – 1. ఒక్క అంకె కూడా తేడా లేదు.

పద్యం గురించి నాకు తెలుసు గానీ ఈ సంఖ్య గురించి నాకు తెలిసింది తక్కువ. లెక్కలు తెలిసినవాళ్ళు దీని సంగతులు చెప్తే వినాలని ఉంది.

లెక్కల మాస్టారు

మంచి చర్చ మొదలుపెట్టారు పద్యప్రియ గారూ. ముందు దీన్ని మన పద్ధతిలో చదువుదాం. కామాలు పెడితే 1,84,46,74,40,73,70,95,51,615. నోటితో చెప్పాలంటే 1,84,467 కోట్ల కోట్లు, ఆ పైన 44,07,370 కోట్లు, ఆ పైన 95,51,615.

అంకెలు ఒకసారి చూడండి. నాలుగు నాలుగుసార్లు ఉంది. ఒకటి, అయిదు, ఏడు మూడేసిసార్లు. ఆరు, సున్నా రెండేసి. మూడు, ఎనిమిది, తొమ్మిది ఒక్కొక్కటి. రెండు మాత్రం ఎక్కడా లేదు. రెండుని రెండుతో గుణించుకుంటూ వెళ్ళి కట్టిన సంఖ్యలో రెండు అనే అంకె లేకపోవడానికి గణితపరంగా లోతైన కారణమేమీ లేదు, అలా కుదిరింది అంతే. అయినా నాకు అది చాలా ఇష్టం.

చిన్నోడు_వరంగల్

నమస్తే అందరికీ. నేను ఇంటర్ చదువుతున్న. 2⁷ – 1 = 127 ప్రధాన సంఖ్య, 2³¹ – 1 కూడా ప్రధాన సంఖ్యే అని చదివిన. ఇది చివర 5 తోని ఉంది కాబట్టి ప్రధాన సంఖ్య కాదని తెలుస్తనే ఉంది. కానీ పూర్తిగా కారణాంకాలుగా విడగొట్టాలంటే ఎట్ల? ఇరవై అంకెలుంది కదా సార్, కాలిక్యులేటర్‌ల కూడా పట్టదు.

లెక్కల మాస్టారు

కాలిక్యులేటర్ అక్కర్లేదు బాబూ. తొమ్మిదో తరగతి సూత్రం చాలు: రెండు వర్గాల భేదం అంటే మొత్తం ఇంటూ భేదం. 2⁶⁴ అనేది 2³² కి వర్గం. కాబట్టి

2⁶⁴ – 1 = (2³² + 1)(2³² – 1)

ఇప్పుడు 2³² – 1 ని మళ్ళీ అలాగే విడగొట్టు. అలా కిందికి దిగుతూ పోతే మిగిలేవి ఇవి:

(2³² + 1)(2¹⁶ + 1)(2⁸ + 1)(2⁴ + 1)(2² + 1)(2 + 1)

అంటే 4294967297 × 65537 × 257 × 17 × 5 × 3. ఇందులో 3, 5, 17, 257, 65537 అయిదూ ప్రధాన సంఖ్యలే. పెద్దదాన్ని ఒక్కదాన్నే ఇంకా చూడాలి. నువ్వే ప్రయత్నించు. దాని వెనక పెద్ద కథ ఉంది, ఎవరైనా చెప్తారు.

సున్నా_ఒకటి

ఆ కథ నేను చెప్తాను మాస్టారూ, నాకు ప్రాణం అది.

మాస్టారు రాసిన ఆరింటినీ ఫెర్మా సంఖ్యలు అంటారు. 1640లో ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా వీటి గురించి ఉత్తరాల్లో రాస్తూ, ఈ వరసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలే అయ్యుంటాయని తన నమ్మకం చెప్పాడు. మొదటి అయిదూ నిజంగా ప్రధాన సంఖ్యలే. ఆరోది 4294967297. పది అంకెల సంఖ్య, చేత్తో పరీక్షించడం కష్టం. దాదాపు తొంభై ఏళ్ళు అది అలాగే ఉండిపోయింది. 1732లో స్విట్జర్లాండ్ గణితవేత్త ఆయిలర్ దాన్ని విడగొట్టాడు:

4294967297 = 641 × 6700417

గుడ్డిగా భాగించుకుంటూ పోలేదు ఆయన. ఈ సంఖ్యని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, 64 తో భాగిస్తే శేషం 1 రావాలని కనిపెట్టాడు. అలాంటి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641... అయిదోదే పని చేసింది. 641 దాకా ఉన్న వందకు పైగా ప్రధాన సంఖ్యల్లో అయిదింటిని చూస్తే సరిపోయింది.

అంటే మన చదరంగం సంఖ్య పూర్తి విభజన ఇది:

3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

ఏడు ప్రధాన సంఖ్యలు, ఏదీ రెండుసార్లు రాదు. అందుకే దీనికి భాజకాలు 2⁷, అంటే 128. ఇరవై అంకెల సంఖ్యకి ఇంత చిన్న చిన్న ముక్కలు రావడం మామూలు విషయం కాదు. పక్కనే ఉన్న 2⁶⁴ + 1 ని చూడండి. దానికి రెండే ముక్కలు: 274177, 67280421310721. వాటిని 1880లో లాండ్రీ అనే ఫ్రెంచి ఆయన ప్రకటించేదాకా లోకానికి తెలియదు. మధ్యలో రెండే తేడా, అయినా ఒకటి సూత్రానికి లొంగిపోతుంది, ఇంకోటి శతాబ్దాలు మొండికేస్తుంది.

ఆ మొదటి అయిదు తప్ప ఇంకో ఫెర్మా ప్రధాన సంఖ్య ఇంతవరకు దొరకలేదు.

చిన్నోడు_వరంగల్

641 భాగిస్తదని భాగహారం చెయ్యకుండ చూపించొచ్చా సార్?

సున్నా_ఒకటి

చూపించొచ్చు తమ్ముడూ. రెండు విషయాలు చూడు.

641 = 5 × 2⁷ + 1. అంటే 640 + 1.
641 = 5⁴ + 2⁴. అంటే 625 + 16.

మొదటిదాని ప్రకారం, 641 తో భాగించినప్పుడు 5 × 2⁷ శేషం –1 తో సమానం. నాలుగో ఘాతం చేస్తే 5⁴ × 2²⁸ శేషం 1. రెండోదాని ప్రకారం 5⁴ బదులు –2⁴ పెట్టొచ్చు. పెడితే –2³² శేషం 1. అంటే 2³² + 1 ని 641 నిశ్శేషంగా భాగిస్తుంది. అయిపోయింది. పెన్ను కూడా అక్కర్లేదు, నోటిలెక్కే.

కోడింగ్_బాబాయ్

నాకు ఈ సంఖ్య రోజూ ఆఫీసులో కనిపిస్తుంది. బిట్ అంటే 0 గానీ 1 గానీ పట్టే చోటు. 64 బిట్లలో ప్లస్, మైనస్ గుర్తు లేకుండా దాచగలిగే అతి పెద్ద సంఖ్య ఇదే, 64 చోట్లా ఒకట్లే. దీనికి ఒకటి కలిపితే మొత్తం తిరిగి సున్నా అయిపోతుంది. 32 బిట్లకైతే ఆ హద్దు 4294967295. పాత పద్ధతి ఇంటర్నెట్ అడ్రసులు మొత్తం 2³² మాత్రమే ఉండటానికి కారణం అదే. గుర్తుతో కలిపి 32 బిట్లలో సెకన్లు లెక్కపెట్టే పాత సిస్టమ్‌లకి 2038 జనవరి 19న, మన టైం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకి లెక్క నిండిపోతుంది. 64 బిట్లకి మారితే ఆ టెన్షన్ ఉండదు.

ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. బ్రౌజర్ కన్సోల్‌లో జావాస్క్రిప్ట్‌కి ఈ ఇరవై అంకెలూ ఇస్తే 18446744073709552000 అని చూపిస్తుంది. మామూలు సంఖ్యలకి అక్కడ 53 బిట్ల కచ్చితత్వమే ఉంటుంది కాబట్టి చివరి అంకెలు పోతాయి. పైథాన్‌లో అయితే ఇరవై అంకెలూ ఉన్నవి ఉన్నట్టు వస్తాయి.

అయితే నాదొక అభిప్రాయం. చదరంగంలో 64 గళ్ళుండటం, కంప్యూటర్లో 64 బిట్లుండటం కేవలం కాకతాళీయం. రెండింటినీ ముడిపెట్టడానికి ఏమీ లేదు.

సున్నా_ఒకటి

బాబాయ్ గారూ, 64 అనే అంకె కలవడం కాకతాళీయమే, ఒప్పుకుంటాను. కానీ ముడి మాత్రం గట్టిదే ఉంది. చదరంగం ఆడే ప్రోగ్రాములు రాసేవాళ్ళు బల్లని ఎలా దాస్తారో మీకు తెలిసే ఉంటుంది. ఒక్కో గడికి ఒక్కో బిట్. పావు ఉంటే 1, లేకపోతే 0. దాన్ని బిట్‌బోర్డ్ అంటారు. కింద ఎడమ మూల నుంచి గళ్ళు లెక్కపెడితే, ఆట మొదట్లో తెల్ల బంట్లు ఎనిమిదీ కలిపి 65280 అనే సంఖ్య. 64 గళ్ళూ నిండిన బల్ల ఏ సంఖ్య? పద్యంలో ఉన్న సంఖ్యే.

గింజల లెక్క కూడా ఇదే. ప్రతి గడిలోనూ ఆ గడి విలువ అన్ని గింజలు పోస్తే, 64 గళ్ళ బల్ల మొత్తం ఒక ద్వియాంశ సంఖ్య (0, 1 అంకెలతోనే రాసే సంఖ్య) అవుతుంది. ఇంకోలా చెప్పాలంటే, 64 గళ్ళలోంచి కనీసం ఒక గడి ఉండేలా ఎన్ని రకాలుగా గళ్ళని ఎంచుకోవచ్చో ఆ లెక్క కూడా ఇదే సంఖ్య.

కోడింగ్_బాబాయ్

బిట్‌బోర్డ్ సంగతి బాగా పట్టారు. ఆ మాట ఒప్పుకోవాల్సిందే.

రైతుబిడ్డ_తెనాలి

గింజల దగ్గరికి వద్దామండీ. అందరూ "ప్రపంచంలో అంత ధాన్యం లేదు" అంటారు గానీ ఎంతో చెప్పరు. వ్యవసాయ శాఖలో వెయ్యి గింజల బరువు అని ఒక కొలత వాడతారు. లావు రకాల వడ్లకి అది 25 గ్రాముల దాకా ఉంటుంది. సన్నాల్లో, మా బాపట్ల సాంబ మసూరి లాంటి వాటికి 15 గ్రాములకి అటూఇటూ.

లావు వడ్లతో మొదటి 32 గళ్ళు నింపితే 4294967295 గింజలు, బరువు దాదాపు 107 టన్నులు. 75 కేజీల బస్తాల లెక్కన పద్నాలుగు వందల పైచిలుకు బస్తాలు. ఎకరాకి 35 బస్తాలు పండితే నలభై ఎకరాల పంట. అంటే సగం బల్ల నింపడం ఒక పెద్ద రైతు వల్ల అవుతుంది. చదరంగం కనిపెట్టినవాడు ఈ గింజల్ని బహుమానంగా అడిగాడని చెప్పే కథలోని రాజుగారికి అసలు లెక్కే కాదు. ఆయన ఎందుకు ఒప్పుకున్నాడో అక్కడ అర్థమవుతుంది.

ముప్పై మూడో గడి ఒక్కదానికే అప్పటిదాకా పోసినదంతా, ఇంకో గింజా కావాలి. అక్కణ్ణించి రాజ్యాలు చాలవు. మొత్తం 64 గళ్ళకి లావు వడ్లయితే 46,000 కోట్ల టన్నుల పైన, సన్నాలయితే 27,000 కోట్ల టన్నుల పైన. ఇప్పుడు ప్రపంచమంతా ఏడాదికి పండించే వడ్లు 80 కోట్ల టన్నులకి దగ్గర్లో ఉన్నాయి. గింజ తినకుండా దాస్తే లావు వడ్లకి ఆరు వందల ఏళ్ళకి దగ్గరగా, సన్నాలకి మూడు వందల యాభై ఏళ్ళు పడుతుంది.

మలబార్_తెలుగమ్మాయి

కేరళలో అంబలప్పుళ కృష్ణుడి గుడిలో పాల్ పాయసం ప్రసాదం వెనక చెప్పే కథ కూడా ఇదేనండీ. కృష్ణుడు ముసలి సాధువు వేషంలో వచ్చి రాజుతో చదరంగం ఆడి గెలిచి, గడి గడికీ రెట్టింపు బియ్యం అడిగాడట. రాజు ఇవ్వలేకపోతే, ఒకేసారి కాకుండా వచ్చిన భక్తులకి పాయసంగా పెడుతూ బాకీ తీర్చుకోమన్నాడట. పై లెక్క చూశాక ఆ బాకీ ఇంకా ఎందుకు తీరలేదో తెలిసింది.

గోదారి_గట్టు

ఇదే సంఖ్య ఇంకో చోట కూడా వస్తుంది. కాశీలో ఒక గుడి, మూడు వజ్రపు సూదులు, 64 బంగారు బిళ్ళలు. ఒక్కోసారి ఒకే బిళ్ళ కదపాలి, చిన్నదాని మీద పెద్దది పెట్టకూడదు. అన్నీ ఇంకో సూదికి మారితే లోకం అంతం. ఫ్రెంచి గణితవేత్త ఎడువార్డ్ ల్యూకా 1883లో బయటపెట్టిన ఆటబొమ్మ చుట్టూ అల్లిన కథ అది. కాశీలో అలాంటి గుడి లేదు. కదపాల్సిన తక్కువలో తక్కువ ఎత్తులు మాత్రం అచ్చంగా మన సంఖ్యే. పెద్ద బిళ్ళని కదపాలంటే పైన ఉన్నవన్నీ ఒకసారి పక్కకి, తర్వాత మళ్ళీ దాని మీదకి రావాలి కాబట్టి, బిళ్ళ పెరిగినప్పుడల్లా ఎత్తులు రెట్టింపై ఒకటి కలుస్తుంది.

సెకనుకి ఒక ఎత్తు వేసినా 58,450 కోట్ల ఏళ్ళు దాటుతుంది. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్ళు. దానికి 42 రెట్లు.

చిన్నోడు_వరంగల్

మరి పద్యం రాసినాయన ఈ సంఖ్య ఎట్ల లెక్కకట్టిండు? 64 సార్లు రెట్టింపు చేసి కూడిండా?

లెక్కల మాస్టారు

కవి ఏ దారిలో వెళ్ళాడో ఆ పద్యం చెప్పదు. కానీ 64 సార్లు అక్కర్లేదు. వర్గాలు చేసుకుంటూ పోతే ఆరుసార్లు చాలు: 2, 4, 16, 256, 65536, 4294967296, ఆ తర్వాత మనకి కావలసింది. వెయ్యేళ్ళ కిందటి పండితుడు అల్ బిరూనీ కూడా ఈ వర్గాల దారిలోనే చదరంగం సంఖ్య రాబట్టాడు.

చివరి వర్గం ఒక్కటే పెద్ద పని. 4294967296 ని 42949, 67296 అని రెండు సగాలుగా చెయ్యి.

42949 వర్గం 1844616601.
రెండు సగాల లబ్ధానికి రెట్టింపు 5780591808.
67296 వర్గం 4528751616.

మొదటిదాని పక్కన పది సున్నాలు, రెండోదాని పక్కన అయిదు సున్నాలు పెట్టి మూడూ కూడితే 18446744073709551616. ఒకటి తీసెయ్. కాగితం మీద చేసి చూడు, ఆ చివరి కూడిక దగ్గర కలిగే సంతోషం వేరు.

పద్యప్రియ

ఇన్ని సంగతులు విన్నాక నేనూ ఒకటి చెప్పాలి. ఈ పద్యంలో అంకెల వరసని కవి మార్చలేడు. ఒక్క మాట ముందూ వెనకా అయితే సంఖ్య మారిపోతుంది. అయినా ఛందస్సు చెక్కు చెదరలేదు, ఎలాగో చూడండి.

చంపకమాలకి పదకొండో అక్షరం దగ్గర యతి. మొదటి పాదం "శ" తో మొదలైంది. పదకొండో అక్షరం దగ్గర అయిదు రావాలి. అక్కడ మళ్ళీ శర అంటే గణం కుదరదు, బాణ అంటే యతి కుదరదు. "సాయక" అన్నాడు. శ కి స కి యతి మైత్రి. రెండో పాదం "ధ" తో మొదలైంది. అక్కడ పదకొండో అక్షరం దగ్గర ఆరు రావాలి. ఆరుకి ఋతువు, రసం ఇలా ఎన్నో ఉండగా "తర్క" ని తెచ్చుకున్నాడు, ధ కి త కి మైత్రి.

ప్రాస "ర". శర, (భూ)ధర, (కుం)జర. ఏడుకి మూడుసార్లు కొండే కావలసి వచ్చింది. నగ, భూధర, గిరి అని మూడు పేర్లు వాడి, ప్రాస కోసం భూధరని పాదం చివర విరిచాడు. ఎనిమిదికి కుంజరాన్ని కూడా అలాగే విరిచాడు. లెక్క, యతి, ప్రాస మూడూ ఒకేసారి నెగ్గించిన పద్యం ఇది. నోటికి పట్టుకున్నవాళ్ళకి ఇరవై అంకెలూ పోకుండా ఉండటానికి ఆ బిగువే కారణం.

శ్రీకాకుళం_సీతమ్మ

అమ్మా పద్యప్రియా, యతిప్రాసలు లేని చోట తప్పు దొర్లితే? ఎవరైనా "చంద్ర" బదులు "నేత్ర" అంటే గణం సరిపోతుంది, సంఖ్య చెడిపోతుంది. కంప్యూటర్ లేకుండా కనిపెట్టే దారి ఉందా?

లెక్కల మాస్టారు

ఉందండీ సీతమ్మ గారూ. రెండు పరీక్షలు చాలు.

మొదటిది తొమ్మిదులతో. ఇరవై అంకెలూ కూడితే 87, మళ్ళీ కూడితే 15, మళ్ళీ కూడితే 6. అసలు రావాల్సింది ఎంత? 2⁶ ని 9 తో భాగిస్తే శేషం 1. కాబట్టి 2⁶⁴ బదులు 2⁴ చూస్తే చాలు. 16 కి శేషం 7, ఒకటి తీస్తే 6. సరిపోయింది. మీరన్నట్టు చంద్రుడి బదులు నేత్రం పెడితే మొత్తం 88, శేషం 7. దొరికిపోతుంది.

రెండు అంకెలు తారుమారైతే ఈ పరీక్షకి అందదు, మొత్తం మారదు కాబట్టి. దానికి పదకొండు పరీక్ష. ఒకట్ల స్థానం నుంచి ఒకటి కూడుతూ ఒకటి తీసేస్తూ పోవాలి. పద్యం ఒకట్ల స్థానం నుంచే మొదలవుతుంది కాబట్టి పాడుకుంటూనే చెయ్యొచ్చు: 5 – 1 + 6 – 1 + 5 – 5 + 9 – 0... చివరికి 37 వస్తుంది. 11 తో శేషం 4. అటు 2¹⁰ = 1024 ని 11 తో భాగిస్తే శేషం 1, కాబట్టి మళ్ళీ 2⁴ చాలు: 16 కి శేషం 5, ఒకటి తీస్తే 4. ఇదీ సరిపోయింది. పక్కపక్క అంకెలు వేరువేరుగా ఉండి తారుమారైతే ఇక్కడ పట్టుబడక తప్పదు.

సున్నా_ఒకటి

ఇంకొక్కటి చెప్పకుండా ఉండలేను. పాస్కల్ త్రిభుజం (అంచుల్లో ఒకట్లు, లోపలి ప్రతి సంఖ్యా పైనున్న రెండింటి మొత్తం) రాసి, బేసి సంఖ్య ఉన్నచోట 1, సరి సంఖ్య ఉన్నచోట 0 పెట్టండి. ప్రతి వరసనీ ద్వియాంశ సంఖ్యగా చదవండి. 1, 3, 5, 15, 17, 51, 85, 255, 257... ఇలా వస్తుంది.

1796లో జర్మన్ గణితవేత్త గాస్, పద్దెనిమిదేళ్ళ వయసులో, స్కేలూ వృత్తలేఖినితో 17 భుజాల క్రమ బహుభుజి గీయొచ్చని చూపించాడు. అలా గీయగలిగే బేసి భుజాల బహుభుజులు ఇప్పటికి తెలిసినవి 31. అవి 3, 5, 17, 257, 65537 లని రకరకాలుగా గుణిస్తే వచ్చేవి. పాస్కల్ త్రిభుజం మొదటి 32 వరసల్లో, పైన ఉన్న 1 తప్ప, అవి 31 కూడా చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా ఉంటాయి. 32వ వరస 4294967295, సగం బల్ల గింజలు. 33వ వరస 4294967297, ఆయిలర్ 641 తో విరగ్గొట్టినది. అక్కడితో ఆ వరస తెగిపోతుంది.

చిన్నోడు_వరంగల్

అయితే 64వ వరస?

సున్నా_ఒకటి

64వ వరసలో 64 సంఖ్యలుంటాయి తమ్ముడూ, అన్నీ బేసివే. అంటే 64 ఒకట్లు, 18446744073709551615. ఒక్క సరి సంఖ్య కూడా ఎందుకు రాదో చెప్పే సిద్ధాంతం ల్యూకాది, గోదారి గట్టు గారు చెప్పిన బంగారు బిళ్ళల ల్యూకాయే. ఆ వరస (1 + x)⁶³ ని విస్తరిస్తే వచ్చే గుణకాలు, అంటే దాని ఘాతం 63. దాన్ని ద్వియాంశంలో రాస్తే 111111, ఎక్కడా సున్నా లేదు. సున్నా ఉన్నచోటే సరి సంఖ్య పుట్టడానికి వీలుంటుంది. 2, 4, 8, 16, 32వ వరసలు కూడా ఇలాంటివే. ముందు ఎనిమిదో వరస రాసి చూడు: 1, 7, 21, 35, 35, 21, 7, 1.